మీ నాన్న ఫోన్ వెనక్కిచ్చిన చోట

అమ్మాయ్,

'అమృతం: అప్పుడు, ఇప్పుడు' అని నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సగంలో పక్కన పెట్టేశాను. రెండోసారి ఏడో పేజీ దాకా వచ్చి అక్కడే ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ ఏడో పేజీ కోసమే రాస్తున్నాను.

మొదటి మూడు పేజీలూ తీసెయ్. 'అమృతం' హాస్య సీరియల్ 2001 నవంబర్‌లో జెమినీ టీవీలో మొదలైందనీ, 2007 నవంబర్ దాకా 313 ఎపిసోడ్లు వచ్చాయనీ, గుణ్ణం గంగరాజు గారు తీశారనీ వరసగా అప్పజెప్పావు. ఆదివారం రాత్రి ఆ టైముకి టీవీ ముందు చేరినవాళ్ళకి ఇవన్నీ తెలుసు. చూడనివాళ్ళకి ఈ లెక్కలు చెప్పినా ఒరిగేదేమీ లేదు. అమృతం కొత్త పథకమేదో మొదలెట్టగానే స్నేహితుడు అంజి మొహం ఎలా మారేదో రాయి. మాట పూర్తిగా వినకముందే ఇది మునిగే వ్యవహారమని ఆ మొహానికి తెలిసిపోయేది. తెలిసీ వెనకాలే వెళ్ళేవాడు. నేనైతే ఆ వెళ్ళడం కోసమే ఆరేళ్ళు చూశాను.

నాలుగో పేజీలో ఒక తప్పు చేశావు. అలవాటైన నటుణ్ణి మారిస్తే సీరియల్ చచ్చిపోతుందని తీర్పిచ్చేశావు. నువ్వు రాస్తున్న సీరియల్లోనే అమృతం పాత్ర ముగ్గురి చేతులు మారింది కదమ్మా. శివాజీ రాజా చేశారు, నరేశ్ చేశారు, ఆఖరికి హర్షవర్ధన్ దగ్గర స్థిరపడింది. మనం నాలుగు వారాలు గొణుక్కుని అలవాటు పడిపోయాం. పేరు పెట్టుకున్న హీరోనే మార్చినా తట్టుకున్న సీరియల్ అది. అంజి మాత్రం మారలేదు. అమృతంగా ఎవరొచ్చినా పక్కన అంజిగా గుండు హనుమంతరావు గారు ఉన్నారు కాబట్టి అది మనకి అదే ఇల్లుగా, అదే అమృత విలాస్ హోటల్‌గా కనబడింది. నీ బాధకి అసలు కారణం ఇదీ. దాన్ని వదిలేసి, కొత్త సీరియల్లో అంజిగా వేసిన ఎల్.బి. శ్రీరామ్ గారు 'ఆ స్థాయిలో చేయలేకపోయారు' అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. అది అన్యాయం. ఆయన చేతగాక అంజి కాలేదా, చేస్తున్నది అంజి పాత్ర కాబట్టి మనమే ఆయన్ని చూడలేకపోయామా? ఆ సందేహం నీకు రాలేదంటే నువ్వింకా నిజాయితీగా రాయడం మొదలుపెట్టలేదనే అర్థం.

ఇక ఏడో పేజీ. 2020 ఉగాది రోజు, లాక్‌డౌన్ మొదలైన రోజే, జీ5 ఓటీటీలో పాతదానికి కొనసాగింపుగా 'అమృతం ద్వితీయం' వచ్చింది. మీ నాన్నా నువ్వూ ఒకే ఫోన్‌లో చూశారు. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ గారు కనబడగానే మీ నాన్న పకపకా నవ్వారు. ఆ తర్వాత ఎవరో 'అంజీ' అని పిలిచారు, వేరే మనిషి పలికారు. మీ నాన్న ఫోన్ నీ చేతిలో పెట్టి, "తర్వాత చూద్దాంలే" అని లేచిపోయారు. మూడో రోజు పొద్దున్న తనే వచ్చి, "అది పెట్టు" అన్నారు.

గుండు హనుమంతరావు గారు పోయింది 2018 ఫిబ్రవరిలో. అంటే మీ నాన్నకి ఆ సంగతి తెలిసి అప్పటికే రెండేళ్ళు. ఇంకొకాయన వస్తాడనీ తెలిసే ఉంటుంది. అయినా ఆ పిలుపు చెవిన పడేదాకా ఆయన పోయినట్టు లేదన్నమాట. ఇంత పట్టుకున్నదానివి, కింది పేరాలోనే 'దీన్నే నాస్టాల్జియా అంటారు' అని మూత పెట్టేశావు! నాకు ఒళ్ళు మండింది. మీ నాన్న లేచిపోవడం నిండుగా నిజం, మూడో రోజు అడగడమూ నిండుగా నిజం. ఆ రెంటినీ కలిపి పలచన చేసి 'మిశ్రమానుభూతి' అనకు. చివర్లో ఐదుకి రెండుం ముప్పావు వేశావు చూడు, అదీ ఇదే పని. ఈ మార్కుల జాడ్యం వచ్చాక సినిమా చూసిన ఏ మనిషీ తనకేమైందో చెప్పడం మానేశాడు.

నా సంగతి ఒకటి చెబుతాను. ఒకప్పుడు ఒక వారపత్రికలో ఒక పోస్ట్‌మాస్టర్ పాత్రతో వరసగా కథలు రాశాను. ఆపేసిన పన్నెండేళ్ళకి సంపాదకుడు కబురు పెట్టాడు. మళ్ళీ రాయాలి, అచ్చం పాతవాటిలా ఉండాలి, ఈ కాలానికి తగ్గట్టూ ఉండాలి. ఇంట్లో పిల్ల ఫీజు కట్టాల్సిన నెల అది. ఒప్పుకున్నాను. పోస్ట్‌మాస్టర్ చేతిలో సెల్‌ఫోన్ పెట్టి రాసిచ్చాను. అచ్చయిన రెండో వారం ఒక కార్డు వచ్చింది. 'మా పోస్ట్‌మాస్టరు ఉత్తరం చదివేటప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకునేవాడు. ఈయన తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. ఈయనెవరు?' పాత కథలు తీసి చూసుకున్నాను. నిజమే, ప్రతి కథలోనూ తోసుకునేవాడు. నేను మర్చిపోయాను, ఆ పాఠకుడు మర్చిపోలేదు. కార్డు అడుగున, చోటు చాలక అంచు వెంబడి, ఇంకో వాక్యం ఉంది: 'తర్వాతిది ఎప్పుడు?'

సంపాదకుడు లేఖల శీర్షికలో ఆ ఆఖరి వాక్యం ఒక్కటే వేశాడు. మెచ్చుకోలుగా. పై మూడు వాక్యాలూ కోసేశాడు. ఇన్నేళ్ళయినా నేనది క్షమించలేదు. ఆ మనిషి కోపాన్నీ ఎదురుచూపునీ ఒకే కార్డు మీద రాశాడు. రెండూ అచ్చయితేనే అది ఆయన ఉత్తరం. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు ఏడో పేజీ ఒక్కటీ ఉంచుకుని తిరగరాయి. జెమినీలో వచ్చేటప్పుడు మీ నాన్న ఎక్కడ కూర్చునేవారు? అంజి ఏం చేస్తే నవ్వేవారు? నీకు ఆ రోజుల్లో ఎన్నేళ్ళు? అప్పుడు ఆపడానికి వీల్లేని బొమ్మ, ఇప్పుడు వేలితో ఆపగలిగే బొమ్మ. మధ్యలో ఆపేసి వెళ్ళిపోవడం ఆయనకి కొత్త. అది నువ్వు గమనించావో లేదో తెలియదు, గమనించి ఉంటే రాయి.

ఇంకొకటి. మూడో రోజు పొద్దున్న ఆయన "అది పెట్టు" అన్నాక నువ్వు పెట్టావా? ఆగిన చోటి నుంచి పెట్టావా, మొదటి నుంచా? శ్రీరామ్ గారు మాట్లాడుతుంటే మీ నాన్న ఎటు చూశారు? నవ్వారా? నీ వ్యాసంలో ఆ సంగతే లేదు. అది రాసి పంపు.