మెత్తని పగడాన్ని రాతి నుంచి వేరుచేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉప్పునీటి అక్వేరియం తొట్టెలోని సాఫ్ట్ కోరల్స్, అంటే మెత్తని పగడాలు, పక్క రాళ్ల మీదికి పాకుతున్నాయనీ, కొన్నింటిని తీసి వేరే చోట పెట్టాలనుకుంటున్నావనీ రాశావు. వీలైనంతవరకు పగడాన్ని కొయ్యకుండా, దాని కింది రాతినే తొలుచు. పగడం పాదం రాతి రంధ్రాల్లోకి దిగి పట్టుకుని ఉంటుంది కనుక, పైనుంచి లాగితే రాయి వదలదు సరికదా కండ చిరుగుతుంది, చిరిగిన చోట కుళ్లు పట్టవచ్చు. అలా కాక, చుట్టూ సన్నని ఉలితో నిదానంగా కొట్టి, పలుచని రాతి పెచ్చుతో సహా లేపితే, ఆ పెచ్చునే జెల్ సూపర్‌గ్లూతో కొత్త చోట అతికించుకోవచ్చు.

జోయాంథిడ్ల (చిన్న పూలలా గుంపుగా పెరిగే, పగడాల బంధువులైన జీవుల) విషయంలో మాత్రం ఏమాత్రం చనువు తీసుకోకు. వాటిలో కొన్నింటిలో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. దేనిలో ఉందో కంటితో చూసి చెప్పలేం కాబట్టి అన్నిటినీ విషపూరితంగానే భావించు. కోసేటప్పుడు అవి నీటిని చిమ్ముతాయి, అందుకని చేతి తొడుగులతో పాటు కళ్లద్దాలూ మాస్కూ తప్పనిసరి. చేతి మీద చిన్న గీత ఉన్నా ఆ రోజుకు పని మానుకో. వాటిని వదిలించడానికి రాతిని మరిగించడం, వేడినీళ్లు పొయ్యడం, పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో గీకడం ఎన్నటికీ చెయ్యకు, ఎందుకంటే ఆ ఆవిరినీ తుంపర్లనూ పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. నోట్లో లోహపు రుచి, దగ్గు, ఆయాసం, కంటి మంట కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి పాలీటాక్సిన్ పేరు వైద్యుడికి చెప్పు.

పుట్టగొడుగులా కనిపించే మష్రూమ్ కోరల్‌కు ఉలి అవసరం లేకపోవచ్చు. పదునైన బ్లేడును రాతికి ఆనించి పాదం కిందుగా పోనిస్తే చాలు. రాతిపై మిగిలిన తునక నుంచి మరో మష్రూమ్ మొలవడం మామూలే. ఊడిన ముక్క జిగురు స్రవిస్తూ ఉంటుంది కాబట్టి గ్లూ నిలవదు, ఆ ప్రయత్నంతో విసిగిపోకు. చిన్న గిన్నెలో రాతి ముక్కలు పరిచి, పైన దాన్ని ఉంచి, వలగుడ్డ కప్పి, ప్రవాహం తక్కువగా ఉన్న మూల పెడితే తనంతట తానే ఏదో ఒక ముక్కను పట్టుకుంటుంది. రాతిపై తివాచీలా పరుచుకునే గ్రీన్ స్టార్ పాలిప్ అనే పగడాన్ని అంచు పట్టి తొక్క ఒలిచినట్టు లేపవచ్చు.

తోలులా ఉండే లెదర్ కోరల్ కాండాన్ని ఒక్క వేటుకు కొయ్యాలి, రంపం లాగినట్టు నలపకూడదు. కోసినప్పుడు అది వదిలే రసాయనాలు పక్కనున్న గట్టి పగడాలకు హాని చేస్తాయి కనుక, తొట్టె నీళ్లే నింపిన విడి పాత్రలో ఈ పని చేసి, ముక్కను మరో పాత్రలోని శుభ్రమైన ఉప్పునీటిలో కడిగి, అప్పుడే లోపల పెట్టు. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (రసాయనాలను పీల్చుకునే బొగ్గు) వేసి, కొంత నీరు మార్చు.

జీనియా లాంటి త్వరగా పాకే మెత్తని పగడాలకు కత్తి కూడా పెట్టనక్కరలేదు. పక్కనే ఖాళీ రాయి తగిలేలా ఉంచితే దాని మీదికి పాకుతుంది. గట్టిగా పట్టుకున్నాక మధ్య బంధాన్ని తెంపు. నేనైతే తొందర లేనప్పుడు పాకే రకాలన్నిటికీ ఇదే పద్ధతి ఎంచుకుంటాను.

కొత్త ముక్కలు కొన్నాళ్లు ముడుచుకుని ఉన్నా కంగారు పడకు. గోధుమ రంగు జిగురు పట్టి, దుర్వాసన వస్తే మాత్రం అదే రోజు బయటికి తియ్యి.