పాత ఓమ్నీతో తిరుపతి: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

ఒరే అల్లుడూ,

మెకానిక్ నీ పాత ఓమ్నీ వ్యాన్ ఇంజన్ దించి బోరు పని, అంటే అరిగిన సిలిండర్లు గీయించి కొత్త పిస్టన్లూ రింగులూ వెయ్యడం, చేసేద్దాం అంటే నువ్వు సరే అనేశావని మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు. బోరు పని చేసిన ఇంజన్‌ని కొన్నాళ్లు నెమ్మదిగా తిప్పి రింగులు కుదురుకోనివ్వాలి, అలాంటిదాన్ని షెడ్డులోంచి తెచ్చిన వారానికే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని విజయనగరం నుంచి తిరుపతి దాకా 800 కిలోమీటర్లు తోలేస్తావా?

అసలు ఆ పని అవసరమా కాదా నువ్వే చూసుకోవచ్చు. ఓమ్నీకి ఇంజన్ ముందు సీట్ల కిందే కదా, సీటు ఎత్తి, బండి వేడెక్కాక కదపకుండా ఇంజన్ స్లోలో ఉంచి ఆయిల్ పోసే మూత తియ్యి. సన్నగా ఆవిరొస్తే దాని వయసుకి మామూలే. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తూ, సైలెన్సర్‌లో నీలం పొగ కూడా కనిపిస్తూ, వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగేస్తుంటే బోరు అయిపోయినట్టే. అప్పుడు కూడా ముందు యాత్రకి వేరే బండి మాట్లాడుకో, ఇంజన్ పని తిరిగొచ్చాక చేయిద్దువు. చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ పాల టీలా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి, ఇంజన్ బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే రేకు, అదే హెడ్ గ్యాస్కెట్, దాని సంగతి తేలేదాకా కదపకు. ఉత్త నలుపైతే ఆయిలూ ఫిల్టరూ మార్చు, చాలు. ఇంజన్ లోపల మందు పోసి కడిగే ఫ్లషింగ్ చేద్దాం అంటారు, వద్దను. ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి లోపలి జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు.

డబ్బు పెట్టాల్సింది టైమింగ్ బెల్ట్ మీద, ఇంజన్ వాల్వుల్ని వేళకి ఆడించే రబ్బరు బెల్టు అది, తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. ఎప్పుడు మార్చారో నీకు తెలీదు, నీకు అమ్మినవాడికీ తెలీదు. తక్కువ తిరిగిందిలే అనుకోకు, రబ్బరు తిరగకపోయినా ముదురుతుంది, తెగేముందు చప్పుడూ చెయ్యదు. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌తో సహా వేయించి, పాత బెల్ట్ అడిగి తీసుకో. ఇవ్వనంటే మార్చలేదనే లెక్క.

తర్వాత వేడి. ఫ్యాన్ బెల్టే వాటర్ పంపునీ తిప్పుతుంది కాబట్టి కొత్తది వేసి, పాతది బాగుంటే స్పేర్‌గా ఉంచు. హోస్ పైపుల్ని చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడు, మెత్తబడినా బీటలున్నా పారెయ్. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడు. బోరింగు నీళ్లు పొయ్యకు, కూలెంట్ పోయించు. ఆ తర్వాత బండి స్లోలో ఉంచి హీట్ మీటర్ చూస్తూ కూర్చో, ముల్లు పైకి పోకముందే రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగాలి. తిరక్కపోతే ముందు ఫ్యూజు చూడు, ఆ తర్వాత వేడికి ఫ్యాన్‌ని ఆన్ చేసే స్విచ్చి. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు సంగతి నీకు తెలిసిందే.

ఇవన్నీ రెండు వారాల ముందే అయిపోవాలి. బయల్దేరే ముందురోజు విప్పిన నట్టు ఏదో ఒకటి తుని దగ్గరో అన్నవరం దగ్గరో ఊడుతుంది. పనయ్యాక మనుషుల్ని ఎక్కించి ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కించు. అక్కడ ముల్లు నిలబడితే హైవే మీద 60, 70లో పోతే ఏ టెన్షనూ ఉండదు. తిరుమల కొండకి మాత్రం బండి తీసుకెళ్లకు, కింద పెట్టి బస్సెక్కండి.

ఘాట్‌కి ఏ ఆదివారం వెళ్తావో చెప్పు, నేనూ వస్తాను. మీ అత్తకి చెప్పకు, తనూ బయల్దేరుతుంది.

మీ మావయ్య