ముందు ఆ బంతి సంగతి చెప్పు

అమ్మా,

ఒంటరితనం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది. అయితే డోపమైన్, ఆక్సిటోసిన్ అనే మెదడు రసాయనాలూ, అమిగ్డాలా అనే మెదడు భాగమూ అన్నీ మొదటి పేజీలోనే దిగిపోయాయి. మనిషి జాడ లేదు. పెళ్ళికొడుకు లేని ఊరేగింపులా ఉంది.

మనస్తత్వ శాస్త్రవేత్త కిప్లింగ్ విలియమ్స్ పేరు ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు ఆగాల్సింది అక్కడే. ఆయన పార్కులో కూర్చుని ఉండగా ఎవరో ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్బీ వచ్చి దగ్గర పడింది. తిరిగి విసిరాడు. వాళ్ళు ఆయన్నీ ఆటలో కలుపుకున్నారు. కాసేపటికి, ఏ గొడవా లేకుండానే, ఆయనకు వెయ్యడం మానేశారు. ముక్కూ మొహమూ తెలియనివాళ్ళు! అయినా మనసు చివుక్కుమంది. ఆ చివుక్కునే కంప్యూటర్ తెర మీదికి ఎక్కించి ‘సైబర్‌బాల్’ అనే ఆట తయారుచేశాడు. బంతి నీకు రెండుమూడుసార్లు వస్తుంది, తర్వాత మిగతా ఇద్దరూ వాళ్ళలో వాళ్ళే విసురుకుంటారు. 2003లో నవోమీ ఐసెన్‌బర్గర్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్నవారి చేత ఆడించింది. బంతి రావడం ఆగిపోయినప్పుడు మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగం చురుకైంది. ఒంటికి నొప్పి కలిగినా చురుకయ్యే భాగమే అది.

దాని మీద నువ్వు ‘మెదడుకు అవమానమూ దెబ్బా ఒకటే’ అని రాశావు. తీసెయ్యి. ఆ ప్రయోగంలో ఉన్నది 13 మంది. పైగా పొరపాటు జరిగినప్పుడూ, ఎటూ తేల్చుకోలేనప్పుడూ కూడా ఆ భాగం చురుకవుతుంది. 2014లో ప్రేమ చెడినవారికి ఒకసారి ఆ మనిషి ఫొటో చూపించి, ఇంకోసారి చేతికి వేడి తగిలించి చూస్తే, రెండు బాధలూ మెదడులో వేర్వేరు నమూనాలుగా తేలాయి. రంగుల మెదడు బొమ్మ కనబడగానే పాఠకుడు ప్రశ్నించడం మానేస్తాడు, నువ్వు మానకూడదు.

నన్నడిగితే ఇంతకంటే గట్టి విషయం 2004 నాటిది. అదే సైబర్‌బాల్‌లో, ఎదుట ఆడుతున్నది మనుషులు కారు, కంప్యూటరే అని ముందే చెప్పినా ఆటగాళ్ళు నొచ్చుకున్నారు. స్కానర్ అక్కర్లేని సంగతి ఇది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

మెదడు మీద పనిచేసే లీవియా తొమోవా 2020 నాటి పరిశోధనను ‘ఒంటరితనం ఆకలి వంటిది’ అని ముగించావు. ఏం చేశారో చెప్పు: ప్రయోగానికి వచ్చినవారిని పది గంటలు గదిలో ఒంటరిగా, ఫోను కూడా లేకుండా ఉంచారు. ఆ తర్వాత మనుషులు కలిసి ఉన్న బొమ్మలు చూపిస్తే మధ్యమెదడు స్పందించింది. మరో రోజు పది గంటలు పస్తుంచి తిండి బొమ్మలు చూపించినప్పుడూ దాదాపు అలాగే స్పందించింది. ‘పది గంటలు’ అన్న మాట వదలొద్దు. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉండే ముసలమ్మ గురించి ఆ ప్రయోగం ఏమీ చెప్పలేదు.

ఆక్సిటోసిన్ పేరా పూర్తిగా ఎత్తేసినా నాకు అభ్యంతరం లేదు. ముక్కులో దాన్ని స్ప్రే కొడితే ఎదుటివారి మీద నమ్మకం పెరుగుతుందన్న 2005 నాటి ఫలితం తర్వాతి ప్రయోగాల్లో సరిగ్గా నిలబడలేదు. సవరించి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో