ఎనలైజర్ కంటే ముందు శాంపిల్ లైన్ చూడండి

ప్రశ్న: మాది 500 మెగావాట్ల పాత బొగ్గు యూనిట్. చిమ్నీలో సల్ఫర్ డయాక్సైడ్ కొలవడానికి గ్యాసును చల్లార్చి, నీరు తీసేసి ఎన్‌డీఐఆర్‌కు (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గ్యాసును కొలిచే ఎనలైజర్‌కు) పంపుతున్నాం. త్వరలో తడి సున్నపురాయి ఎఫ్‌జీడీ, అంటే పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను కడిగేసే ఏర్పాటు, వస్తోంది. ఎనలైజర్ కొలిచే రేంజి తగ్గిస్తే సరిపోతుందా? గ్యాసును బయటికి తీయకుండా, డక్టుకు అడ్డంగా బిగించి కాంతితో అక్కడే కొలిచే ఇన్-సిటు ఎనలైజర్ కొనమని కొందరంటున్నారు.
– ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు, పెద్దపల్లి జిల్లా

జవాబు: రేంజి తగ్గించి ఊరుకోకండి. ఇప్పుడు మీకు వచ్చే రీడింగ్ ఘనపు మీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల పైమాటే అయి ఉంటుంది. కూలర్ నీళ్లలో సల్ఫర్ డయాక్సైడ్ కొంత కరిగిపోయినా అంతగా తేడా తెలియదు. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ మీలాంటి యూనిట్‌కు పెట్టిన లిమిట్ 200. అంత తక్కువ దగ్గర ఆ నష్టమే రీడింగ్‌ను తగ్గించి చూపి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఎఫ్‌జీడీ దాటిన గ్యాసు యాభై, అరవై డిగ్రీల్లో, నీటి తుంపర్లతో వస్తుంది. ఆ తుంపర్లు ఇన్-సిటు కాంతిని చెదరగొడతాయి, అద్దాలు మసకబారతాయి. మీ చోట నేనైతే దాన్ని పెట్టను. శాంపిల్‌ను 180 డిగ్రీల దగ్గర వేడిగానే ఉంచి కొలిచే హాట్-వెట్ (నీరు తీయకుండా కొలిచే) రకం యూవీ (అతినీలలోహిత కాంతి) ఎనలైజర్ గానీ ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పలు గ్యాసులను ఒకేసారి కొలిచేది) గానీ తీసుకోండి. తేమను, ఆక్సిజన్‌ను కూడా కొలవాలి, ఎందుకంటే ఆ లిమిట్ పొడి గ్యాసుకు, 6 శాతం ఆక్సిజన్‌కు. పొడి లెక్కలో 170 వచ్చి ఆక్సిజన్ 9 శాతం ఉంటే, గాలిలోని 21 శాతంలోంచి 6 తీస్తే 15, 9 తీస్తే 12; 15ను 12తో భాగించి, దాంతో 170ని గుణించండి: 212 దాటింది!

ఇక అసలు సంగతి. నేను చూసిన ఒక ప్లాంటులో ఎనలైజర్ మంచిదే, గ్యాసును దాని దాకా తెచ్చే గొట్టం, అంటే శాంపిల్ లైనూ వేడిగానే ఉంది. చిమ్నీలోంచి గ్యాసును లాగే ప్రోబ్‌కూ లైనుకూ మధ్య జానెడు ఫిట్టింగ్‌కు మాత్రం హీటర్ లేదు. విప్పితే లోపలంతా తడి, స్టీలు మీద ఆకుపచ్చ మరకలు. సల్ఫర్ డయాక్సైడ్ ఆ తడిలో కరిగి అక్కడే పోతోంది. గాఢత ముందే తెలిసిన గ్యాసు సిలిండర్‌ను ఎనలైజర్‌కు నేరుగా పెట్టి కాలిబ్రేట్ చేసినంతకాలం (రీడింగ్ సరిచూసినంతకాలం) ఈ లోపం బయటపడదు. అందుకే పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి: కాలిబ్రేషన్ గ్యాస్ ప్రోబ్ దగ్గరే ఇవ్వాలి, ఫిల్టరూ లైనూ అన్నీ దాటి రావాలి. నేరుగా ఇచ్చినప్పటి రీడింగ్‌తో పోల్చి చూపించాకే బిల్లు పాస్ చేయండి.

ఎనలైజర్ సర్టిఫికెట్‌లో రేంజి 0–500 మిల్లీగ్రాములు ఉందో లేదో చూడండి. ఎఫ్‌జీడీ ఆగిన రోజుల కోసం పెద్ద రేంజి కూడా అడగండి. పాత ఎన్‌డీఐఆర్‌ను స్క్రాప్‌కు పంపకుండా ఎఫ్‌జీడీకి ముందు డక్టులో బిగించండి, ఎఫ్‌జీడీ ఎంత సల్ఫర్ పట్టుకుంటోందో ఏ షిఫ్టుకాషిఫ్టు మీకే తెలుస్తుంది.