దీపావళి దాటాక కడుగు

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. సెకండ్ హ్యాండ్‌లో పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా దొరికిందని, రీలు బయట ఇవ్వకుండా ఇంట్లోనే కడుక్కుంటానని, ఏమేం కొనాలో లిస్టు పంపమని అడిగావు. లిస్టు పంపడం తేలికే. నలభై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, ఉత్త లిస్టు పంపి ఊరుకుంటే నాకే తోచదు. పోనీ ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ లాక్కుని తన గోల మొదలుపెడుతుంది. అందుకని రాస్తున్నాను.

సామానంతా ఇప్పుడే కొనుక్కో. కానీ దీపావళి దాటేదాకా రీలు మాత్రం కడగకు.

ఎందుకంటే డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మని బయటికి తెచ్చే మందు, దాని ప్యాకెట్ల మీదా, ఫిల్మ్ డబ్బాల మీదా వేసే టైములు ఎక్కువగా 20 డిగ్రీల నీళ్లకి లెక్కకట్టినవి. మన కుళాయిలో 20 డిగ్రీల నీళ్లు ఏడాదిలో ఎన్నాళ్లు వస్తాయో నువ్వే చెప్పు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి పొద్దుటిపూట ఆ దరిదాపుల్లోకి వస్తాయి. మిగతా కాలమంతా మేడ మీది ట్యాంకు నీళ్లతో కుస్తీయే. డెవలపర్ వేడిగా ఉంటే పని గబగబా చేసేస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పట్టేది 24 దగ్గర అయిదు నిమిషాల చిల్లరకి దిగిపోతుంది. 30 దగ్గరైతే ఇక చెప్పక్కర్లేదు. ఫిల్మ్ కడిగే మూత డబ్బాని కూడా ట్యాంకు అనే అంటాం; అందులో మందు పోయడానికి పది సెకన్లు, ఒంపడానికి పదిహేను సెకన్లు పోతాయి కదా, మొత్తం టైమే మూడు నిమిషాలైతే ఆ తేడా ఫిల్మ్ మీద మచ్చలుగా, చారలుగా కనపడుతుంది. అయిదు నిమిషాలకి తగ్గకూడదు అని మా గురువుగారు నెత్తిన మొట్టి మరీ చెప్పేవారు.

ఆ మొట్టికాయ నాకు ఎలా పడిందో కూడా విను. నేను పనిలో చేరిన మొదటి వేసవి. డార్క్‌రూమ్‌లో ఫ్యాన్ వేస్తే దుమ్ము లేస్తుందని వెయ్యనిచ్చేవారు కాదు. డెవలపర్ గోరువెచ్చగా ఉంది. తెలివిగా చేస్తున్నాననుకుని, కడగడం మాత్రం ఐస్ నీళ్లతో చేశాను. ఆరాక చూస్తే ఫిల్మ్ మీద సన్నటి వల అల్లుకున్నట్టుంది. లూప్ అనే చిన్న భూతద్దం పెట్టి చూస్తే ఎండిపోయిన చెరువులో బీటలే. ఫిల్మ్ మీది మందుపొర అంటే జిలెటిన్, వేడికి ఉబ్బి మెత్తబడుతుంది. దాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే ముడుచుకుపోతుంది. ఒకసారి ముడుచుకుంటే మళ్లీ సాఫు చేసే దారి లేదు. ఎవరిదో అక్షరాభ్యాసం రీలు అది. ఆ పిల్లాడి మొహం నిండా బీటలు.

కాబట్టి డెవలపర్, హైపో (వచ్చిన బొమ్మ చెదరకుండా నిలబెట్టే మందు), కడిగే నీళ్లు, మూడూ ఒకే వేడిలో ఉండాలి. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. సీసాలన్నీ ఒక టబ్బులో నీళ్లు పోసి అందులో నిలబెట్టు. ఐస్ ముక్కలు పాలిథిన్ కవర్లో వేసి మూతి కట్టి టబ్బులో పడెయ్యి. సీసాలో మాత్రం ఎప్పుడూ వెయ్యకు, డెవలపర్ పలచబడుతుంది. నాకు ఐస్ కన్నా కుండ నీళ్లే ఇష్టం. మా కోస్తాలో గాలిలో తడి ఎక్కువ కాబట్టి కుండ పెద్దగా చల్లబడదు, మీ హైదరాబాద్ పొడిగాలికి బాగా చల్లబడుతుంది. థర్మామీటర్ ల్యాబ్ సామాను అమ్మే చోట కొనుక్కో. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 దగ్గరే మొదలవుతుంది.

ఇప్పుడు చీకటి సంగతి. సినిమాల్లో డార్క్‌రూమ్ అనగానే ఎర్ర లైటు చూపిస్తారు. అది ప్రింట్ వేసే పేపర్ కోసం. ఆ పేపర్‌కి ఎరుపు కనపడదు. నువ్వు వాడే ఫిల్మ్‌కి అన్ని రంగులూ కనపడతాయి, ఎరుపుతో సహా. కటిక చీకటి కావాలి. రాత్రిపూట బాత్‌రూమ్‌లో, తలుపు కింద తువ్వాలు కుక్కి, లైట్లు ఆర్పి అయిదు నిమిషాలు ఊరికే కూర్చో. కళ్లు అలవాటుపడ్డాక నీ చెయ్యి నీకు కనపడిందంటే ఎక్కడో వెలుతురు దూరుతున్నట్టు. గీజర్ మీద చిన్న ఎర్ర లైటుంటుంది చూడు, దాన్ని అందరూ మరిచిపోతారు. స్విచ్ ఆపెయ్యి. ఫోన్, చేతి వాచీ బయట పెట్టు. ఛేంజింగ్ బ్యాగ్ అని చేతులు దూర్చే నల్ల సంచి కూడా దొరుకుతుంది, మంచిదే. కానీ ఉక్కపోత రోజుల్లో పది నిమిషాలకి లోపల చేతులు చెమటలు పడతాయి. ఆ తడికి ఫిల్మ్ స్పైరల్‌కి, అంటే ట్యాంకులో ఫిల్మ్ చుట్టి పెట్టే గాడుల చక్రానికి, అతుక్కుపోయి ముందుకీ పోదు, వెనక్కీ రాదు. అప్పుడొచ్చే టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

స్పైరల్‌కి ఫిల్మ్ చుట్టడం ఒక్కటే నిజంగా చేత్తో నేర్చుకోవాల్సిన విద్య. మిగతాదంతా గడియారం చూసి చేసే పని. ఏదైనా డేటు అయిపోయిన రీలు ఒకటి సంపాదించి పాడుచేసెయ్. ముందు వెలుతురులో పదిసార్లు చుట్టు, తరవాత కళ్లు మూసుకుని పదిసార్లు, ఆపైన చీకట్లో. ప్లాస్టిక్ స్పైరల్ అయితే ఎముకలా పొడిగా ఉండాలి, ముందురోజే ఎండలో పెట్టు. ఫిల్మ్ కొస రెండు మూలలూ కత్తెరతో కొంచెం గుండ్రంగా కత్తిరిస్తే గాడిలోకి సులువుగా ఎక్కుతుంది. ఫిల్మ్ డబ్బా మూత సోడా ఓపెనర్‌తో ఊడుతుంది. కత్తెర, ఓపెనర్, ట్యాంకు, మూత ఏది ఎక్కడుందో చీకటి చెయ్యకముందే వరసగా పెట్టుకో. చీకట్లో కింద పడ్డ మూత కోసం తడుముకోవడం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

మా రోజుల్లో ట్యాంకు భాగ్యం ఎక్కడిది? ఊటీలో తయారయ్యే ఇందు బ్రాండు ఫిల్మ్ రోళ్లు వాడేవాళ్లం. రోలు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, ట్రేలో డెవలపర్‌లో మునిగేట్టు పైకీ కిందికీ ఊపేవాళ్లం. చీకట్లో గడియారం కనపడదు కాబట్టి ఎక్కాలు చదవమనేవారు. నాకు పదహారో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా వస్తుందంటే అది బడి పుణ్యం కాదు.

ఇక కొనాల్సినవి. డెవలపర్‌కి డి-76 తీసుకో. దాదాపు నూరేళ్లనాటిది, ఇంతవరకూ దాన్ని కాదనుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. అందులో రహస్యం ఏమీ లేదు: లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. మేం కంసాలి త్రాసులో తూచుకుని కలుపుకునేవాళ్లం. నువ్వు ప్యాకెట్ కొనుక్కో చాలు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, వేళ్లు పగిలి దురద పెడుతుంది. గ్లవ్స్ వేసుకో. వంటింటి గిన్నె, గరిటె ఏదీ ఈ పనికి ముట్టుకోకు.

ఫిల్మ్ ఇల్ఫర్డ్ హెచ్‌పి5 అనే బ్లాక్ అండ్ వైట్‌ది పెట్టు, తప్పులు చాలావరకు ఓర్చుకుంటుంది. డి-76ని నేరుగా వాడకుండా సగానికి సగం నీళ్లు కలుపు. 35 ఎంఎం రీలు ఒకటి పట్టే ప్యాటర్సన్ ట్యాంకులో 290 మిల్లీలీటర్లు పడతాయి, నువ్వు 150 డెవలపర్, 150 నీళ్లు కలుపుకుంటే సరి. అలా పలచన చేస్తే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర సుమారు ఏడున్నర, ఎనిమిది. వేడి దేశంలో ఉన్నవాళ్లకి ఇదే కిటుకు, టైము సాగుతుంది కాబట్టి పొరపాటు చిన్నదవుతుంది. వాడేశాక పారబోసెయ్యాలి, మళ్లీ వాడకూడదు.

పోసిన వెంటనే ట్యాంకుని నేల మీద రెండుసార్లు తట్టు, గాలిబుడగలు పోతాయి. లేకపోతే ఆకాశంలో చిన్న చిన్న గుండ్రటి మచ్చలు పడతాయి. తరవాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లపాటు, నాలుగుసార్లు నెమ్మదిగా తలకిందులు చేసి పెట్టు. జ్యూస్ షాపువాడిలా ఊపెయ్యకు. టైము అవగానే ఒంపేసి ఒకసారి నీళ్లు పోసి తిప్పి పారబోసి, హైపో పొయ్యి.

హైపో నువ్వే కలుపుకోవచ్చు. లీటరుకి హైపో పలుకులు 250 గ్రాములు, పొటాషియం మెటాబైసల్ఫైట్ 25 గ్రాములు. గోరువెచ్చని నీళ్లలో హైపో వేసి కలుపుతుంటే సీసా చేతికి ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లబడిపోతుంది. కరుగుతూ ఆ వేడినంతా అది లాగేసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది. హైపో పూర్తిగా కరిగాకే మెటాబైసల్ఫైట్ వెయ్యి. ఎంతసేపు ఉంచాలో ఎవర్నీ అడక్కు: డబ్బా బయట మిగిలిన ఫిల్మ్ ముక్క ఒకటి అందులో పడెయ్యి, పాలలా ఉన్నది గాజులా తేటపడటానికి ఎంత పడితే దానికి రెట్టింపు. ముక్క తేటపడటం బాగా ఆలస్యమవుతోందంటే హైపో అయిపోయినట్టు. వాడిన హైపోలో వెండి ఉంటుంది. మా రోజుల్లో దానికోసం క్యాన్లతో వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. సింకులో పొయ్యకు, ఎక్స్‌రే ల్యాబుల దగ్గర అడిగితే తీసుకుంటారేమో చూడు.

సీసాల మీద పేర్లు రాయి, పెద్దగా, రెండువైపులా. ఒకసారి డెవలపర్ అనుకుని హైపో ముందు పోశాను. తీసి చూస్తే బొమ్మే లేకుండా గాజులా తేటగా ఉంది ఫిల్మ్. ఆ పెళ్లివారికి డబ్బు వెనక్కిచ్చాను గానీ వాళ్ల గుమ్మం ముందునుంచి వెళ్లడం చాలా కాలం మానేశాను.

కడగడానికి అరగంట కుళాయి విప్పి ఉంచక్కర్లేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి అయిదుసార్లు తిప్పి పారబొయ్యి, మళ్లీ నింపి పది, మళ్లీ నింపి ఇరవై. అయిపోయింది. ఆఖరుసారి మాత్రం బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లటి ఉప్పు మరకలు నిలిచిపోతాయి. ఆటోమొబైల్ షాపులో బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ కొని అందులో ఒక నిమిషం ముంచు. బాత్‌రూమ్‌లోనే, షవర్ కాసేపు వదిలి దుమ్ము కిందికి దిగాక, బట్టల క్లిప్పులతో వేలాడదియ్యి, కింద కొసకి కూడా ఒక క్లిప్పు బరువుగా. పొద్దున్న దాకా తలుపు తియ్యకు. ఉసుళ్లు వచ్చే రోజున అసలు వద్దు.

ఆరాక ముందు బొమ్మలు చూడకు, అంచులు చూడు. అక్కడ ఫిల్మ్ పేరు, అంకెలు ఉంటాయి, అవి ఫ్యాక్టరీలోనే పడ్డవి, నీ కెమెరాతో సంబంధం లేనివి. అంకెలు నల్లగా ఉండి బొమ్మలు పలచగా ఉంటే తప్పు ఫోటో తియ్యడంలో ఉంది. అంకెలే వెలిసిపోయి ఉంటే కడగడంలో ఉంది. రంగుల ఫిల్మ్ సంగతి ఇప్పుడు అడక్కు. దానికి 38 డిగ్రీలు, మూడుంపావు నిమిషాలు, అర డిగ్రీ తప్పకూడదు. మన మే నెల కుళాయికి అది సరిపోతుందని మీ బావ జోకు వేస్తాడు గానీ, ముందు ఇది అయిదారు రీళ్లు కడుగు.

ఇంకొకటి మరిచాను. డి-76 సీసా సగం ఖాళీ అయితే లోపలి గాలికి త్వరగా పాడవుతుంది. అందులో గాజు గోళీలు వేస్తూ పో, మట్టం మూత దాకా వస్తుంది. గోళీలు మాత్రం కొనకు. మీ బావ చిన్నప్పటివి హార్లిక్స్ సీసా నిండా అటక మీద ఉన్నాయి, అత్తయ్య కడిగి ఆరబెట్టింది. వచ్చే వారం ఆవకాయతో పాటు పంపిస్తాం, రెండూ ఒక సంచిలో పెట్టొద్దని దానికి నేను చెప్పాను.

మీ మావయ్య