నువ్వు ఆకుల మీది మచ్చలకు ఏ బాక్టీరియా కారణమో ఎలా తేల్చాలి?

మెట్‌పల్లి వైపు యాసంగి నువ్వు చేలల్లో ఆకుల మీద నల్లమచ్చలు వస్తున్నాయని, ప్రాజెక్టు కోసం అది ఏ బాక్టీరియానో ఎలా కనిపెట్టాలని అడిగారు. పీజీలో నేను పని చేసింది జగిత్యాల, వరంగల్ చేల నుంచి తెచ్చిన నువ్వు ఆకుల మీదే.

అన్నిటికంటే ముఖ్యం శాంపిల్. ఎండి చిల్లులు పడ్డ ఆకు తెస్తే ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచే ప్లేట్‌లో పెరిగేవి చచ్చిన ఆకు మీద బతికే వేరే సూక్ష్మజీవులే. మచ్చ చుట్టూ ఇంకా నీరు పట్టినట్టు కనిపించే ఆకులనే, మందు కొట్టకముందే కోయండి. కాగితం కవర్లో పెట్టి చల్లగా తీసుకురండి. పాలిథిన్ కవర్లో వేసి ఎండలో బండి మీద తెస్తే కుళ్లిపోతాయి.

ల్యాబ్‌కు రాగానే మీడియా (ప్లేట్‌లో బాక్టీరియాకు వేసే పోషక పదార్థం) జోలికి పోకండి. మచ్చా పచ్చటి భాగమూ కలిసే అంచున బ్లేడుతో చిన్న ముక్క కోసి, స్లైడ్ మీద నీటిచుక్కలో పెట్టి, వెంటనే మైక్రోస్కోప్ కింద చూడండి. బాక్టీరియా ఉంటే కోసిన అంచు నుంచి, ముఖ్యంగా ఈనె తెగిన చోట, పొయ్యిలోంచి పొగ లేచినట్టు బయటికి వస్తూనే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు కన్ను తీయబుద్ధి కాలేదు. ఇది రాకుండా మచ్చలో వలయాలు ఉంటే ఆల్టర్నేరియా శిలీంధ్రాన్ని అనుమానించండి.

నువ్వులో ఆకుమచ్చ తెచ్చే బాక్టీరియాలు ప్రధానంగా రెండు: సూడోమోనాస్ సిరింజే, జాంథోమోనాస్, రెండింటిలోనూ సెసామి అనే పాథోవార్ (ఫలానా మొక్కకు తెగులు తెచ్చే రకం). ప్లేట్‌లో పెంచితే జాంథోమోనాస్ కాలనీలు (కంటికి కనిపించే బాక్టీరియా గుంపులు) పసుపుగా, జిగటగా ఉంటాయి. సూడోమోనాస్‌వి తెల్లగా ఉండి, కింగ్స్ బి మీడియా మీద అల్ట్రావయొలెట్ కాంతిలో మెరుస్తాయి. బాక్టీరియాకు రంగు వేసి చూసే గ్రామ్ పరీక్షలో రెండూ నెగటివే కాబట్టి ఆ పరీక్షతో వీటిని విడదీయలేం.

చాలామంది పసుపు కాలనీ రాగానే జాంథోమోనాస్ అని రాసేస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. ఆకుల మీద మామూలుగా ఉండే పాంటోయా అనే బాక్టీరియా కూడా పసుపే. మెరిసేదల్లా సిరింజే కూడా కాదు. ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉందో లేదో చూసే పరీక్షలో సిరింజే నెగటివ్ రావాలి. ముందు బాక్టీరియా ద్రావణాన్ని పొగాకు ఆకులోకి ఎక్కించి చూడండి. మొక్కల్లో తెగులు తెచ్చే రకమైతే సాధారణంగా ఒక రోజులో ఆ భాగం వాడి చస్తుంది. తర్వాత ఆరోగ్యంగా ఉన్న నువ్వు మొక్కల మీద పిచికారీ చేయండి, పక్కనే కొన్నిటికి శుద్ధమైన నీళ్లు మాత్రమే కొట్టండి. అవే మచ్చలు వచ్చి, వాటిలోంచి మళ్లీ అదే బాక్టీరియా దొరికితేనే పేరు రాయండి. 16ఎస్ అనే జన్యువు సీక్వెన్స్ ప్రజాతి (జీనస్) వరకే నమ్మకంగా చెబుతుంది, పాథోవార్‌ను తేల్చేది మొక్కే. ఈ పని చేయకుండా ఇచ్చిన పేరును నమ్మి రైతు డబ్బు పెట్టి మందు కొంటాడు.

పూలు ఆకుల్లా మారిన మొక్కలు కనిపిస్తే అది వెర్రి తెగులు. దానికి కారణం ఫైటోప్లాస్మా. కణకవచం లేని బాక్టీరియా, దీపపు పురుగులు మోసుకొస్తాయి. మామూలు ప్లేట్లలో పెరగదు, దాని డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే.

ఆకుమచ్చ తెచ్చే ఆ రెండూ విత్తనంతో వస్తాయి. అందుకే చేను చూడటానికి వెళ్లినప్పుడు రైతు దగ్గర మిగిలిన విత్తనం పిడికెడు అడిగి తెచ్చుకోండి, దాన్నీ పరీక్షించండి.