రంజాన్‌లో 4 గంటలకే ఇంటికి వెళ్లే హక్కు ప్రైవేటు ఉద్యోగికి ఉందా?

ప్రశ్న: లాయర్ గారూ, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. డ్యూటీ ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6.30 దాకా. రంజాన్‌లో ఒక్కరోజూ ఇఫ్తార్‌కి ఇల్లు చేరలేకపోతున్నాను. ప్రభుత్వ ఆఫీసుల్లో ముస్లింలను 4 గంటలకే పంపిస్తున్నారు కదా, అది మాకు వర్తించదా? ముందు వెళ్తే జీతం కోస్తామని మేనేజర్ అంటున్నారు. సౌదీలో ఉన్న మా అన్నయ్యకు ఈ నెలంతా ఆరు గంటలే పని.

జవాబు: వర్తించదండీ. తెలంగాణ ప్రభుత్వం ఏటా ఇచ్చే ఆ ఉత్తర్వు (2025లో మార్చి 2 నుంచి 31 వరకు ఇచ్చారు) ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది, కార్పొరేషన్ల వారికే. అత్యవసరమైన పని పడితే వాళ్లూ ఆగాల్సిందే. మీ అన్నయ్య సంగతి వేరు. ముస్లింలకు రంజాన్‌లో రోజుకు 6 గంటలు, వారానికి 36 గంటలు మించకూడదని సౌదీ కార్మిక చట్టంలోనే ఉంది. మన దగ్గర ప్రైవేటు యజమానికి అలాంటి నియమం లేదు. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చే మత స్వేచ్ఛను చూపించి కంపెనీ చేత టైమింగ్స్ మార్పించడం కోర్టులో కష్టం. ఇది నాకూ బాధగానే ఉంది, కానీ మీకు లేనిపోని ఆశ పెట్టలేను.

అందుకే హక్కుగా కాకుండా, పని ఆగని ఏర్పాటుగా అడగండి. నెల రోజులు 8.30కి వచ్చి 5.30కి వెళ్తానని, నెలాఖరు క్లోజింగ్ రోజుల్లో ఆగుతానని హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టండి. నోటిమాట వద్దు. సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) ఎలాగూ లేస్తారు కాబట్టి పొద్దున్నే రావడం మీకూ తేలికే. లంచ్ బ్రేక్ పూర్తిగా మానేస్తానని మాత్రం రాయకండి. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి, ఆ కారణంతోనే కంపెనీ కాదనవచ్చు. ఇది కుదరకపోతే ఇఫ్తార్‌కి, నమాజుకి ఆఫీసులోనే ఓ ఇరవై నిమిషాలు, చిన్న గది అడగండి.

అనుమతి లేకుండా మాత్రం వెళ్లిపోవద్దు. వెళ్తే జీతం కోయవచ్చు, అయితే మీరు లేని సమయానికి తగ్గట్టే కోయాలి. గంట ముందు వెళ్లినందుకు రోజు జీతం కోయడం చెల్లదు. ఇంకో జాగ్రత్త. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని నోటీసు లేకుండా వెళ్లిపోతే, 8 రోజుల జీతం దాకా కోసే వీలు వేతన చట్టంలో ఉంది. తోటివాళ్లకూ ఈ మాట చెప్పండి.

అడిగినందుకే ఉద్యోగం తీసేస్తారన్న టెన్షన్ వద్దు. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని తగిన కారణం, నెల నోటీసు (లేదా దాని బదులు నెల జీతం) లేకుండా తీసేయకూడదని దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. తీసేస్తే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేయవచ్చు. ఆ ఈమెయిల్, అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పుల కాపీలు ఇప్పటినుంచే ఇంట్లో పెట్టుకోండి.